‘అప్ అగైనెస్ట్’: గోడకు ఆనించడమా, గట్టివాళ్లతో తలపడడమా?

పద్మారావునగర్ అమ్మ
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇవాళ హోంవర్క్ చేస్తూ రెండు ఇంగ్లిష్ వాక్యాలు నా ముందు పెట్టింది. ఒకటి ‘పుష్ ద కాట్ అప్ అగైనెస్ట్ ద వాల్’. రెండోది ‘వియ్ ఆర్ అప్ అగైనెస్ట్ ఎ స్ట్రాంగ్ టీమ్’.

అగైనెస్ట్ అంటే ‘వ్యతిరేకంగా’ అని చెప్పాను. నాకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు. వెంటనే అడిగింది: “అయితే మంచం గోడకు వ్యతిరేకమా అమ్మా? అప్ అంటే పైకి కదా, మరి మంచం పైకి వెళ్లిందా?” నా దగ్గర జవాబు లేదు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆఫీసులో పదిహేనేళ్లుగా ఇంగ్లిష్‌లోనే మెయిల్స్ రాస్తున్నాను. అయినా ఈ చిన్న చిన్న మాటలు వచ్చిన ప్రతిసారీ టెన్షనే. పెద్ద పదమైతే డిక్షనరీలో ఒక్క అర్థం దొరుకుతుంది. ‘అప్’ అని వెతికితే రెండు పేజీల అర్థాలు వస్తాయి. అవి పిల్లకు ఎలా చెప్పను? బట్టీ పట్టించమని మాత్రం దయచేసి చెప్పకండి. ఎందుకు అలా అంటారో ఎవరైనా చెప్పండి.


అమీర్‌పేట అభ్యర్థి
శనివారం, రాత్రి 9:32

అక్కా, మా కోచింగ్‌లో అయితే ‘ఇవి ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియ వెనక అప్, అవుట్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారేవి, లాజిక్ వెతకొద్దు, రోజుకు పది చొప్పున నేర్చుకోండి’ అన్నారు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికి నాలుగు వందలు ఉన్నాయి. పరీక్ష హాల్లో కూర్చుంటే నలభై కూడా గుర్తు రావడం లేదు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు నాకూ కావాలి.


సైనిక్‌పురి మాస్టారు
శనివారం, రాత్రి 10:05

అమ్మా, మీ అమ్మాయి చాలా మంచి ప్రశ్న వేసింది. ముప్పై రెండేళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు తక్కువ. అడిగిన వాళ్లకు మాత్రం తర్వాత ఇంగ్లిష్ అంటే భయం పోయింది.

ముందుగా ఒక సంగతి. ‘అప్’, ‘అగైనెస్ట్’ పక్కపక్కనే ఉన్నా రెండూ ఒకే పని చెయ్యవు. ‘అగైనెస్ట్’కు వెనకాల ఒక నామవాచకం ఉండి తీరాలి: గోడ, టీమ్. అది ప్రిపొజిషన్. మన విభక్తి ప్రత్యయం పదం చివర చేరితే, వాళ్లది పదానికి ముందు నిలబడుతుంది. ‘అప్’కు ఇక్కడ సొంత నామవాచకం లేదు. అది క్రియతో ఉంటుంది, క్రియ ఎంతవరకు వెళ్లిందో చెబుతుంది. దాన్ని పార్టికల్ అంటారు.

అప్ ఎప్పుడూ పార్టికలే అనుకోకండి. ‘రన్ అప్ ఎ హిల్’ అంటే కొండ మీదికి పరుగెత్తడం, అక్కడ అది ప్రిపొజిషన్. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే బిల్లు పెంచుకుంటూ పోవడం, అక్కడ పార్టికల్. తేడా పట్టుకోవాలంటే అప్‌ను చివరికి జరిపి చూడండి. ‘రన్ ద బిల్ అప్’ అనవచ్చు. ‘రన్ ద హిల్ అప్’ అని ఎవరూ అనరు.

ఇక అర్థం. అప్ అంటే పైకి అని మొదట నేర్పుతాం కాబట్టి అక్కడే ఆగిపోతాం. ‘హి కేమ్ అప్ టు మీ’ అంటే అతను నా దగ్గరికంటా వచ్చాడు. ఎక్కడికీ ఎక్కలేదు. ఇంట్లో మనం “మంచం గోడ దగ్గరికంటా జరుపు” అంటాం చూడండి, ఆ ‘అంటా’ చేసే పనే ఈ అప్ చేస్తోంది. మధ్యలో ఆగకుండా చివరిదాకా వెళ్లడం. ‘అగైనెస్ట్’ ఏమో రెండు వస్తువులు ఒకదానికొకటి ఎదురుగా వచ్చి తగలడం, ఒకదాని బరువు ఇంకొకటి ఆపడం. మంచం గోడను తాకేదాకా వెళ్లింది, గోడ ఆపింది. అంతే బొమ్మ.

ఇప్పుడు ఆ బొమ్మలో మంచం బదులు మన టీమ్‌ను పెట్టండి, గోడ బదులు అవతలి టీమ్‌ను పెట్టండి. వెళ్లి వెళ్లి వాళ్ల దాకా వచ్చాం, ముందుకు పోనివ్వడం లేదు. అర్థం మారలేదమ్మా, మనుషులు మారారు.


పద్మారావునగర్ అమ్మ
శనివారం, రాత్రి 10:21

మాస్టారూ, ‘దగ్గరికంటా’ అన్న మాట చదవగానే బొమ్మ కళ్ల ముందుకు వచ్చింది. చాలా థాంక్స్. ఇంకొక్క సందేహం. రెండో వాక్యంలో అప్ తీసేసి ‘వియ్ ఆర్ అగైనెస్ట్ ఎ స్ట్రాంగ్ టీమ్’ అంటే తప్పా?


సైనిక్‌పురి మాస్టారు
శనివారం, రాత్రి 10:40

గ్రామర్ తప్పు కాదు. కానీ వినేవాళ్లకు ఇంకోలా తగలవచ్చు. ‘వియ్ ఆర్ అగైనెస్ట్ దెమ్’ అంటే వాళ్లంటే మాకు గిట్టదు, వాళ్లకు మేం వ్యతిరేకం అన్న అర్థం ముందుకు వస్తుంది. అది మన అభిప్రాయం. వాళ్లను మనం కలవకపోయినా ఆ మాట అనవచ్చు. ‘వియ్ ఆర్ అప్ అగైనెస్ట్ దెమ్’ అంటే ఇష్టాయిష్టాల ప్రస్తావన లేదు, ఎదురుపడ్డాం, తలపడాలి. అవతలివాళ్లు మన ప్రాణస్నేహితులైనా ఈ మాట చెల్లుతుంది.

మనుషులే కానక్కర్లేదు. జబ్బు కావచ్చు, గడువు కావచ్చు. ‘అప్ అగైనెస్ట్ ఎ డెడ్‌లైన్’ అంటారు. అదే ‘అగైనెస్ట్ డెడ్‌లైన్స్’ అంటే, అసలు గడువులే పెట్టకూడదు అనే మనిషి అయిపోతాడు!

ఒక్క అప్ చేరినందుకు అభిప్రాయం కాస్తా అనుభవం అయింది. అందుకే ఈ చిన్న మాటలను చిన్నచూపు చూడవద్దని పిల్లలకు చెబుతుండేవాణ్ని.


హిమాయత్‌నగర్ అనువాదకుడు
శనివారం, రాత్రి 11:15

మాస్టారు చెప్పినదానికి తెలుగు వైపు నుంచి కొంత కలుపుతాను. ‘అగైనెస్ట్ = వ్యతిరేకంగా’ అని నేర్పడం వల్లే మనకు ఇంత కష్టం. నేను అనువాదం చేసేటప్పుడు నూటికి తొంభై సార్లు ‘వ్యతిరేకంగా’ వాడను. అవసరం రాదు.

చూడండి. గోడకు ఆనుకున్నాడు. ఏటికి ఎదురీదాడు. ఆస్ట్రేలియాపై గెలిచాం. అతని మీద కేసు పెట్టారు. పొలం మీద అప్పు తెచ్చాడు. ఇంగ్లిష్‌లో ఈ అయిదు చోట్లా అగైనెస్ట్ పెట్టవచ్చు. తెలుగులో మాత్రం ఒకచోట ‘కు’, ఒకచోట ‘ఎదురు’, ఒకచోట ‘పై’, రెండుచోట్ల ‘మీద’.

ఆ చివరిదాన్ని గమనించండి. ‘లోన్ అగైనెస్ట్ ప్రాపర్టీ’ అన్న బోర్డులు నగరంలో ఎటు చూసినా ఉంటాయి. ఆస్తికి వ్యతిరేకంగా అప్పు అంటే ఏమైనా అర్థముందా? తక్కెడలో ఒక పక్క డబ్బు, దానికి ఎదురుగా రెండో పక్క ఇల్లు. డబ్బు బరువును ఇల్లు ఆపుతోంది. మాస్టారు చెప్పిన మంచం, గోడ బొమ్మే మళ్లీ. మన ముందుతరాలకు ఈ ‘అగైనెస్ట్’ తెలియకపోయినా ‘బంగారం మీద అప్పు’ అన్నారు. ఇంగ్లిష్ ఎదురుగా పెట్టి చూసింది, తెలుగు మీద పెట్టి చూసింది.


నాంపల్లి న్యాయవాది
ఆదివారం, ఉదయం 7:50

ఆ ‘మీద’తోనే మా జూనియర్లు రోజూ ఇబ్బంది పడతారు, అందుకే రాస్తున్నాను. “అతని మీద కేసు” అని మనసులో అనుకుని ‘కేస్ ఆన్ హిమ్’ అని రాస్తారు. ‘కేస్ అగైనెస్ట్ హిమ్’ అనాలి. “నా మీద కోపం” అనుకుని ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటారు, ‘యాంగ్రీ విత్ మీ’ అనాలి. “నా మీద అరిచాడు” అనుకుని ‘షౌటెడ్ ఆన్ మీ’ అంటారు, ‘షౌటెడ్ ఎట్ మీ’ అనాలి. మూడు చోట్లా తెలుగులో మీదే. ఇంగ్లిష్‌లో మూడు చోట్లా మూడు మాటలు, ఒక్కటి కూడా ‘ఆన్’ కాదు. కాబట్టి అనువాదకుడు గారు చెప్పిన పోలిక అర్థం చేసుకోవడానికి చాలా బాగుంది, రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త.

ఇంకో మాట. ‘అపోజ్’ అన్న క్రియకు ప్రిపొజిషన్ అక్కర్లేదు. ‘హి అపోజ్డ్ ద బిల్’ అంటే చాలు. ‘అపోజ్డ్ టు ద బిల్’ అంటే ‘టు’ ఎందుకొచ్చిందంటే అక్కడ అది క్రియ కాదు, విశేషణం: ‘హి ఈజ్ అపోజ్డ్ టు ద బిల్’. ఆ ‘ఈజ్’ మరిచిపోయి ‘హి అపోజ్డ్ టు ద బిల్’ అని రాసిన పిటిషన్లు నేనే ఎన్నో దిద్దాను.

కేసుల పేర్లలో ఉండే ‘వర్సెస్’ కూడా ఈ కుటుంబంలోదే. 1973 నాటి కేశవానంద భారతి వర్సెస్ కేరళ రాష్ట్రం తీర్పు పేరు వినని న్యాయవాది ఉండరు. లాటిన్‌లో వర్సెస్ అంటే తిరిగిన, వైపుకు తిరిగిన అని. ఒకరివైపు ఒకరు తిరిగి నిలబడ్డారు, అంతే. శత్రుత్వం ఆ మాటలో మొదట లేదు. ఇంగ్లండ్ కోర్టుల్లో సివిల్ కేసు పేరు పైకి చదివేటప్పుడు, వర్సెస్‌కు గుర్తుగా రాసే ‘వి’ అక్షరాన్ని ‘అండ్’ అని పలుకుతారు. నాకు అది ఎప్పుడు విన్నా ముచ్చటగా ఉంటుంది.


అత్తాపూర్ డెలివరీ
ఆదివారం, ఉదయం 8:30

అన్నలూ అక్కలూ, నాకు గ్రామర్ పెద్దగా రాదు. కానీ మీరు మాట్లాడుతున్న మాటల వల్ల రోజూ నా పెట్రోల్ ఖర్చవుతుంది, అందుకే రాస్తున్నా.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పైన ఎక్స్‌ప్రెస్‌వే, కింద రోడ్డు. ఇక్కడ అందరూ అడ్రస్ పిల్లర్ నంబర్‌తోనే చెబుతారు. ఒకరు ‘ఆపోజిట్ టు బేకరీ’ అని పెడతారు, ఒకరు ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్ బేకరీ’ అని పెడతారు. ఫోన్ చేస్తే ఇద్దరూ “బేకరీ ఎదురుగా” అనే చెబుతారు. ఒకరి ఇల్లు రోడ్డుకు అవతల ఉంటుంది, ఇంకొకరు బేకరీ మెట్ల దగ్గరే నిలబడి ఉంటారు. మధ్యలో డివైడర్. తప్పు వైపు వెళ్తే యూటర్న్ కోసం చాలా దూరం పోయి రావాలి. లేటైతే రేటింగ్ పోతుంది.

అందుకే నేను ఇప్పుడు ఒకటే అడుగుతా: “సార్, బేకరీ నుంచి మీ దగ్గరికి రావాలంటే రోడ్డు దాటాలా, వద్దా?” ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. నేను అడిగేది కరెక్టేనా మాస్టారూ?


సైనిక్‌పురి మాస్టారు
ఆదివారం, ఉదయం 9:05

బాబూ, నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను బోర్డు మీద పావుగంట గీసి చెప్పేదాన్ని నువ్వు ఒక్క ప్రశ్నలో పెట్టావు. మధ్యలో దాటాల్సింది ఏదైనా ఉంటే ‘ఆపోజిట్’. లేకపోతే ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’.

హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి చూడండి. మధ్యలో మూసీ. ఆసుపత్రి హైకోర్టుకు ‘ఆపోజిట్’. ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అంటే నది దాటకుండానే, హైకోర్టు ఆవరణ ముందే ఆసుపత్రి ఉన్నట్టు అవుతుంది. మన తెలుగులో ఈ తేడా లేదని కాదు. ‘ఇంటి ముందు వేపచెట్టు’ అంటాం, ‘ఎదురింటివాళ్లు’ అంటాం. ఎదురింటివాళ్లను ‘ముందింటివాళ్లు’ అనం. ఫోన్‌లో తొందరలో రెంటికీ ‘ఎదురుగా’ అనేస్తాం, అక్కడే ఇబ్బంది.

అడ్రస్‌లో ‘ఆపోజిట్ టు’ అని రాయడం మనకు బాగా అలవాటు. చోటు చెప్పేటప్పుడు ‘టు’ లేకుండా ‘ఆపోజిట్ ద బేకరీ’ అంటే చాలు. ‘ఆపోజిట్ ఆఫ్’ వేరు. అది నామవాచకం. వేడికి ‘ఆపోజిట్’ చలి అని చెప్పేటప్పుడు వస్తుంది.


ఫిలింనగర్ సబ్‌టైటిల్స్
ఆదివారం, ఉదయం 10:20

‘ఆపోజిట్’ గురించి మాట వచ్చింది కాబట్టి. నేను తెలుగు సినిమాలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాస్తాను. ఒక హీరో ‘సరసన’ ఫలానా హీరోయిన్ నటించింది అని మనం అంటాం. సరసన అంటే పక్కన. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టాల్సి వస్తే ‘షి యాక్టెడ్ ఆపోజిట్ హిమ్’ అనాలి. ఎదురుగా!

మొదటిసారి నేను భయపడి ‘బిసైడ్ హిమ్’ అని రాశాను. ఆపోజిట్ అంటే విలన్ అనుకుంటారేమో అని. సీనియర్ దిద్దారు. అదే జంట, మనం పీటల మీద పక్కపక్కన కూర్చోబెట్టాం, వాళ్లు ఎదురెదురుగా నిలబెట్టారు. ఎదురుగా ఉండడం అంటే పోట్లాట కాదని నాకు ఆ రోజు అర్థమైంది.


హిమాయత్‌నగర్ అనువాదకుడు
ఆదివారం, ఉదయం 10:48

భలే ఉదాహరణ ఇచ్చారు! మన ‘ఎదురు’ కూడా అచ్చంగా ఇలాంటిదే. పెళ్లిలో మగపెళ్లివారికి ఎదురు వెళ్లి తీసుకురావడం ఎదురుకోలు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముందు రోజు ఎదుర్కోలు ఉత్సవం చేస్తారు. అదే మాట నుంచి శత్రువును ఎదుర్కోవడం వచ్చింది. ఎదురుచూడడంలో ప్రేమ ఉంది, ఎదురు చెప్పడంలో ధిక్కారం ఉంది. ఎదురు అన్నది చోటు మాత్రమే చెబుతుంది. పూలదండతో వచ్చారా, కర్రతో వచ్చారా అన్నది పక్కన చేరిన క్రియ చెబుతుంది.


మెట్టుగూడ చదువరి
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇప్పుడే చర్చి నుంచి వచ్చి ఇదంతా చదివాను. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో ‘ఓవర్ అగైనెస్ట్’ అనే జంట చాలాచోట్ల కనిపిస్తుంది. యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుని, జనం డబ్బులు వేయడం చూస్తున్న ఘట్టంలో ‘ఓవర్ అగైనెస్ట్ ద ట్రెజరీ’ అని ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని, ఆయన ఖజానాకు వ్యతిరేకంగా ధర్నాకు కూర్చున్నాడు అనుకున్నాను. తెలుగు బైబిల్‌లో ‘ఎదుట’ అని చూశాక తేలికపడ్డాను. ఇప్పటి ఇంగ్లిష్‌లో ఈ జంట చోటు చెప్పడానికి దాదాపుగా పోయింది కదా మాస్టారూ?


సైనిక్‌పురి మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

అవునమ్మా. ఇప్పుడు ‘ఓవర్ అగైనెస్ట్’ ఎక్కువగా పండితుల వ్యాసాల్లోనే, రెండు ఆలోచనలను పోల్చి తేడా చూపేటప్పుడు వస్తుంది. చోటుకు ‘ఆపోజిట్’, ‘అక్రాస్ ఫ్రమ్’ మిగిలాయి. మాటల ప్రయాణం తరచూ ఇటే: ముందు చోటు, తర్వాత తేడా, తర్వాత విరోధం.


సంస్కృతం లెక్చరర్
ఆదివారం, సాయంత్రం 4:30

మాస్టారి చివరి వాక్యానికి మన ‘ప్రతి’ చక్కటి సాక్ష్యం. ప్రత్యక్షం అంటే కంటికి ఎదురుగా ఉన్నది, అది చోటు. ప్రతిబింబం అంటే ఎదురుగా పడిన బింబం. ప్రతిపక్షం, ప్రత్యర్థి, కోర్టులో ప్రతివాది దగ్గరికి వచ్చేసరికి విరోధం అయింది. ఉపసర్గ ఒక్కటే.

లాటిన్‌లో ‘ఓబ్’ అనే మాట కూడా అంతే. దాని అర్థం ఎదురుగా. ‘పొనెరె’ అంటే పెట్టడం. ఈ రెండూ కలిస్తే అపోజిషన్. ‘పొజిషన్’ కూడా ఆ ‘పెట్టడం’ నుంచి వచ్చిందే. అంటే ‘ఎక్కడ పెట్టారు’ అన్నదానికి ‘ఎదురుగా’ అని చేర్చితే ప్రతిపక్షం పుట్టింది.

అమీర్‌పేట అభ్యర్థికి ఒక మాట. మీ నోట్‌బుక్‌లో నాలుగు వందలు ఉన్నాయన్నారు. ఫ్రేజల్ వెర్బ్ మనకు కొత్త విద్య కాదు నాయనా. మా విద్యార్థులకు మొదట చెప్పే శ్లోకం ఇది:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా ఇంకోచోటికి లాక్కుపోతుంది అని. ఒకే ధాతువు. ‘ప్ర’ చేరితే దెబ్బ, ‘ఆ’ చేరితే అన్నం, ‘సం’ చేరితే చంపడం, ‘వి’ చేరితే షికారు, ‘పరి’ చేరితే నష్టానికి బదులు. మనం ముందు తగిలిస్తాం, వాళ్లు వెనక తగిలిస్తారు. ఆహారం, సంహారం మధ్య తేడా మీరు ఏ కోచింగ్‌లోనూ బట్టీ పట్టలేదు కదా?


అమీర్‌పేట అభ్యర్థి
ఆదివారం, సాయంత్రం 5:10

గురువుగారూ, ఇది చదివి నోట్‌బుక్ మళ్లీ తెరిచాను. వెంటనే ఒకచోట ఆగిపోయాను. ‘స్టాండ్ అప్ టు’ అంటే ఎదిరించడం. ‘స్టాండ్ అప్ ఫర్’ అంటే వెనకేసుకు రావడం. ‘లుక్ అప్ టు’ అంటే గౌరవించడం. ‘అప్ టు’ ఒకచోట ఎదిరింపు, ఒకచోట గౌరవం ఎలా అయింది?


సైనిక్‌పురి మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:45

బొమ్మ గీసుకో బాబూ. ‘టు’ అంటే ఎవరివైపు తిరిగామో చెబుతుంది. ‘అప్’ ఇక్కడ నిజంగానే పైకి. కూర్చున్నవాడు లేచి ఒకడివైపు తిరిగి నిలబడితే, అది “నీకు లొంగను” అనడం. అదే మనిషి తల ఎత్తి ఒకరివైపు చూస్తే, ఆయన ఎత్తులో ఉన్నాడని ఒప్పుకోవడం. లేచింది ఒళ్లా, చూపా అన్నదే తేడా. ‘ఫర్’ అయితే వైపు కాదు, కోసం. లేచి నిలబడ్డాడు, ఎవరి కోసం? స్నేహితుడి కోసం.

‘హోల్డ్ అవుట్ అగైనెస్ట్’ కూడా మీ పరీక్షల్లో వస్తుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు సేనలకు ఎనిమిది నెలలు లొంగలేదు. ‘గోల్కొండ హెల్డ్ అవుట్ అగైనెస్ట్ ఔరంగజేబ్ ఫర్ ఎయిట్ మంత్స్’. ‘హోల్డ్’ పట్టు. ‘అవుట్’ ఓపిక చివరికంటా. ‘అగైనెస్ట్’ ఎదురుగా ఉన్న ఒత్తిడి. కోట గోడకు బయట ఒకరు, లోపల ఒకరు. మూడు మాటలూ మూడు రాళ్లలా పని చేస్తున్నాయి. ఒక్క వాక్యం ఇలా చూస్తే, నాలుగు వందల్లో సగం వాటంతటవే తెరుచుకుంటాయి.


నాంపల్లి న్యాయవాది
ఆదివారం, సాయంత్రం 6:20

మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ‘సగం’ తెరుచుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ మిగతా సగానికి బొమ్మ పని చెయ్యదు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. అందులో పెట్టడం, పైకి, తోడు ఈ మూడూ కలిపి ఏ బొమ్మ గీస్తాం? పిల్లలకు అంతా లాజిక్కే అని చెబితే, లాజిక్ దొరకనిచోట తమకు తెలివి లేదనుకుంటారు. నేను అలా అనుకుని చాలా ఏళ్లు బాధపడ్డాను.


సైనిక్‌పురి మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:50

ఒప్పుకుంటున్నానమ్మా. మీరన్నది న్యాయం. ‘పుట్ అప్ విత్’ లాంటివి వాడుకలో అరిగి, లోపలి బొమ్మ కనిపించకుండా పోయినవి. వాటిని వాక్యంతో సహా విని అలవాటు చేసుకోవాలి. నా తరగతుల్లో ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. చోటు, ఎదురు, ఒత్తిడి చెప్పే జంటల్లో మాత్రం బొమ్మ ఇంకా బతికే ఉంది. అందుకే పాఠం అక్కడ మొదలుపెట్టాలంటాను.


హిమాయత్‌నగర్ అనువాదకుడు
ఆదివారం, రాత్రి 8:30

న్యాయవాది గారు ‘విత్’ ప్రస్తావన తెచ్చారు. నిన్న రాత్రి నుంచి చెప్పాలనుకుంటున్నది అదే.

‘విత్’ అంటే తోడు అనుకుంటాం. పాత ఇంగ్లిష్‌లో దాని ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా’. ‘విత్‌స్టాండ్’లో అది ఇంకా ఉంది: ఎదురు నిలవడం, తట్టుకోవడం. ఆ రోజుల్లో తోడుకు వేరే మాట ‘మిడ్’ ఉండేది. ‘మిడ్‌వైఫ్’లో మిగిలింది: ప్రసవవేళ స్త్రీకి తోడుగా ఉండే మనిషి. తర్వాత ‘విత్’ తోడు పనికి మారిపోయింది, ‘ఫైట్ విత్’లో మాత్రం రెండు పనులూ చేస్తోంది. 

1799లో శ్రీరంగపట్నం యుద్ధాన్ని తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పండి. “నిజాం సైన్యం ఇంగ్లిష్ వాళ్లతో కలిసి టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేసింది.” రెండు ‘తో’లు. ఒకటి మిత్రుడికి, ఒకటి శత్రువుకు. ‘కలిసి’ అన్న మాట తీసేస్తే చరిత్రే తారుమారు. ఇంగ్లిష్‌లో ఆ కష్టం తప్పించుకోవడానికి టిప్పు ముందు ‘అగైనెస్ట్’ పెడతారు.

ఇంకొకటి చెబితేగానీ నాకు నిద్ర పట్టదు. ‘అగైనెస్ట్’ అన్న మాట ‘అగైన్’ నుంచి పుట్టింది. అగైన్‌కు పాత అర్థం వెనక్కి, ఎదురుగా. ఇప్పుడు దాని అర్థం ‘మళ్లీ’. ఎదురుకూ మళ్లీకీ ఏమిటి సంబంధం అని చాలా రోజులు అనుకున్నాను. జవాబు మన ఇంట్లోనే ఉంది. ‘మళ్లీ’ అన్నది మళ్లడం నుంచి వచ్చింది. ‘తిరిగి’ అన్నది తిరగడం నుంచి వచ్చింది. తిరిగి వచ్చాడు అంటే మళ్లీ వచ్చాడు. ఎదురు తిరిగాడు అంటే ‘టర్న్‌డ్ అగైనెస్ట్’. వెళ్లినవాడు వెనక్కి తిరిగితే రెండోసారి వస్తాడు, మనవైపు ముఖం పెట్టి వస్తాడు. అటు అగైన్, అగైనెస్ట్. ఇటు తిరిగి, ఎదురు తిరిగి. సంబంధం లేని రెండు భాషలు ఒకే చోట ఒకేలా ఆలోచించాయి. ఇది తెలిసిన రోజు నాకు పండగలా అనిపించింది.


అత్తాపూర్ డెలివరీ
ఆదివారం, రాత్రి 9:40

అన్నా, ‘తిరిగి’ గురించి రాసింది డ్యూటీ అయ్యాక మా తమ్ముడికి చదివి వినిపించా. వాడు ఇంటర్. ఇంగ్లిష్ అంటే పారిపోతాడు. ఇవాళ పారిపోలేదు, ఇంకోసారి చదవమన్నాడు.


పద్మారావునగర్ అమ్మ
సోమవారం, రాత్రి 8:15

అందరికీ ఏమని చెప్పను! నిన్నంతా ఇద్దరం కూర్చుని ఈ చర్చ మొదటి నుంచి చదివాం. మధ్యలో లేచి మంచాన్ని నిజంగానే గోడకంటా జరిపాం. “అప్” అంటూ తను నెట్టింది, గోడకు తగలగానే “అగైనెస్ట్” అంది. ఇక మరిచిపోదు. న్యాయవాది గారు చెప్పినట్టు, కొన్నింటికి బొమ్మ ఉండదు, అది నీ తప్పు కాదు అని కూడా చెప్పాను.

ఇవాళ స్కూల్ నుంచి రాగానే ఇంకో ప్రశ్న. “అమ్మా, గోడకు ఆనుకుంటే ‘లీన్ అగైనెస్ట్’ కదా. టీవీ చూస్తూ నీకు ఆనుకుంటే? ‘లీన్ ఆన్’ అనాలా, ‘లీన్ అగైనెస్ట్’ అనాలా?” మాస్టారూ, మీరే చెప్పాలి.


సైనిక్‌పురి మాస్టారు
సోమవారం, రాత్రి 8:50

టీవీ చూస్తూ ఆనుకుంటే రెండూ సరిపోతాయి. ‘అగైనెస్ట్’ అయితే పక్కన కూర్చుని ఒరిగింది అని ఎక్కువగా స్ఫురిస్తుంది. ‘ఆన్’ అయితే బరువు మీ మీద వేసింది అని. రేపు పెద్దయ్యాక ఏదైనా కష్టం వచ్చి మీ దగ్గరికి వస్తే మాత్రం ‘లీన్ ఆన్’ ఒక్కటే పనికొస్తుంది. తెలుగులోనూ అంతే కదమ్మా. గోడకు ఆనుకుంటాం, అమ్మ మీద ఆధారపడతాం.